‘ఏకవీర’ను ఆటగా ఆడగలమా?

అరుగు మీద కూచున్న ముసలాయన పక్కకు వంగి మనుమని చేతిలోని సెల్‌ఫోన్ వంక చూశాడు. తెర మీద ఒక కోతి. దాని చేతిలో పొడుగాటి ఇనుప కడ్డీ. ఎదురుగా తాటిచెట్టంత రాక్షసుడు.

“హన్మంతుడారా?”

“కాదు తాతా, చైనా కోతి. వూకాంగ్.”

“గాళ్లకు సుత రామాయణం ఉన్నదా?”

మనుమడికి జవాబు తెలియలేదు. ముసలాయన అడిగినదాంట్లో సగం నిజం ఉంది. ఆ కోతి కూడా ఒక గ్రంథంలో నుంచి దిగివచ్చినదే. పదహారో శతాబ్దంలో చైనాలో వెలువడిన నవల ‘పశ్చిమ యాత్ర’. బౌద్ధ గ్రంథాల కోసం మన దేశానికి బయలుదేరిన ఒక భిక్షువుకు తోడు వచ్చిన వానరవీరుడి కథ అది. ఆ దేశంలో నాటకంగా, తోలుబొమ్మలాటగా, సినిమాగా ఎన్నో వేషాలు మార్చింది. చివరకు 2024 ఆగస్టులో వీడియో గేమ్ అయింది. ‘బ్లాక్ మిత్: వూకాంగ్’ అనే ఆ ఆట మూడు రోజుల్లో కోటి ప్రతులు అమ్ముడుపోయింది. ఆడాలంటే ఖరీదైన కంప్యూటర్ కావాలి గనుక మన అరుగు మీది పిలగాడు, మరెవరో ఆడిన ఆటను యూట్యూబ్‌లో చూసి సంబరపడుతున్నాడు.

చైనావాళ్ల కోతి మన ఊరి అరుగెక్కింది సరే. మన కథలు ఆ తెర ఎక్కాలంటే ఏం కావాలి? డబ్బు, కంప్యూటర్లు అని ఎవరైనా చెబుతారు. అంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. అది కథలోనే ఉంది.

హన్మాజీపేట చెప్పే సంగతి

వేములవాడ దగ్గరి హన్మాజీపేట పేరు ఈ ప్రాంతంలో తెలియనివారుండరు. పాత కరీంనగర్ జిల్లా, ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లా. డాక్టర్ సి.నారాయణరెడ్డి పుట్టింది అక్కడే. నెత్తిన బోనం పెట్టుకుని ఒగ్గుకథ చెప్పి పెద్ద పెద్ద సభలను మెప్పించిన మిద్దె రాములుదీ ఆ ఊరే. ఒకరు పుస్తకం నుంచి సినిమాకు కథలు మోసినవారు. మరొకరు తాతల నోటి నుంచి జనం చెవికి మోసినవారు.

ఒగ్గుకథ విన్నవాళ్లకు తెలుసు. మల్లన్న కథకు ముగింపు మారదు. కానీ ఎక్కడ నిలబడాలి, ఏ ఘట్టాన్ని సాగదీయాలి, ఎక్కడ నవ్వించాలి అన్నది ఎదుట కూచున్న జనాన్ని బట్టి కథకుడు తేల్చుకుంటాడు. సిరిసిల్ల పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారి పద్ధతీ అదే. బొమ్మల పటం ఒక్కొక్క వరుసే విప్పుతూ పోతారు. వినేవాడికి చెవి, కన్ను రెండూ పని చేస్తాయి. చేతికి మాత్రం పని ఉండదు. ఊఁ కొట్టడమే వాడి వంతు.

చేతికి పని ఇచ్చిన కథ మనకు లేదా అంటే ఉంది. వైకుంఠపాళి. పాములకు పురాణాల్లోని దుష్టుల పేర్లు, నిచ్చెనలకు సద్గుణాల పేర్లు పెట్టి, పరమపదం దాకా మనిషి పోయే దారిని గళ్లల్లో పరిచారు మన పెద్దలు. పై వరుసల్లో నోరు తెరుచుకుని ఉండే అరుకాసురుడి పాము మింగి కిందికి దింపితే ఏడవని పిల్లవాడు లేడు. అయితే ఆ ఆటలో మన ఇష్టం ఏమీ లేదు. గవ్వలు ఎట్లా పడితే అట్లా పోవలసిందే. ఇంగ్లిషువాళ్లు పందొమ్మిదో శతాబ్దం చివర దాన్ని తమ దేశానికి పట్టుకుపోయి, పురాణం తీసేసి పామూ నిచ్చెనా మాత్రం మిగిల్చారు.

వీడియో గేమ్ చేసిన కొత్త పని ఒక్కటే. ‘ఇప్పుడు ఏం చేస్తావు?’ అని వినేవాడినే అడుగుతుంది. ఇదేమీ నిన్నటి విద్య కాదు. 1982లోనే ఆస్ట్రేలియాకు చెందిన మెల్‌బోర్న్ హౌస్ అనే సంస్థ ‘ది హాబిట్’ అనే ఇంగ్లిషు నవలను ఆట చేసి, ఆట పెట్టెలోనే నవల ప్రతిని కూడా పెట్టి అమ్మింది. పుస్తకం చదివితేనే ఆట తెగుతుందని కాబోలు!

ఒక్క మాట చెబితే పోయేది

ఇప్పుడు మన నవల ఒకటి తీసుకుందాం. విశ్వనాథ సత్యనారాయణ ‘ఏకవీర’. కరీంనగర్‌కు ఆయన పరాయివాడు కాదు. 1959 నుంచి 1961 దాకా ఇక్కడి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఆ నవలను 1969లో సి.ఎస్.రావు దర్శకత్వంలో సినిమా తీశారు. ఎన్.టి.రామారావు, కాంతారావు, కె.ఆర్.విజయ, జమున నటించారు. మాటలు రాసింది మన హన్మాజీపేట నారాయణరెడ్డి. తెలుగులో జ్ఞానపీఠం అందుకున్న మొదటివారి నవలకు రెండోవారు మాటలు రాయడం ఒక విశేషమే. అయితే అప్పటికి ఆ పురస్కారం ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

కథ నాయకరాజుల కాలం నాటి మధురలో జరుగుతుంది. కుట్టాన్, వీరభూపతి ప్రాణమిత్రులు. కుట్టాన్ వలచింది మీనాక్షిని, పెళ్లాడింది ఏకవీరను. వీరభూపతి వలచింది ఏకవీరను, పెళ్లాడింది మీనాక్షిని. ఒకరు వలచిన పిల్ల రెండోవారి ఇంట్లో ఇల్లాలు. నలుగురూ మంచివాళ్లే. కథలో దుర్మార్గుడంటూ లేకుండానే నాలుగు బతుకులు మాడిపోతాయి. మనసులో ఉన్నది ఎదుటివారికి చెప్పుకోలేకపోవడం మీదే ఆ నవల నిలబడింది.

సినిమాహాల్లో బెంచీ మీద కూచున్న మనిషి ‘అయ్యో, చెప్పరాదూ!’ అని నాలుక కరుచుకుంటాడు. అంతకు మించి చేయగలిగింది లేదు. ఆ చేయలేకపోవడంలోనే ఏడుపు వస్తుంది. ఇదే కథను ఆట చేసి చూడండి. తెర మీద కుట్టాన్ నిలబడి ఉంటాడు, ఎదురుగా మిత్రుడు. కింద రెండు మాటలు కనిపిస్తాయి. ‘చెప్పు’, ‘చెప్పకు’. పదిమందిలో తొమ్మిదిమంది ‘చెప్పు’ మీద వేలు పెడతారు. పది నిమిషాల్లో నవల ఖతం!

పోనీ ‘చెప్పు’ అనేది పెట్టకుండా వదిలేస్తే? అప్పుడు ఆడేవాడు ఊరుకోడు. నా చేతికి పగ్గాలు ఇచ్చినట్టే ఇచ్చి బండిని మీరు తోలుతున్నారేమిటి అని విసుక్కుంటాడు. గొప్ప నవలను ఆట చేయబోయిన ప్రతివాడికీ ఎదురయ్యే గండం ఇదే. పాత్రకు స్వేచ్ఛ ఇస్తే కథ పోతుంది, ఇవ్వకపోతే ఆట పోతుంది.

కొంచెం ఆలోచిస్తే దారి లేకపోలేదు. ‘చెప్పు’ అనే మాట పెట్టాలి. చెప్పిన తర్వాత ఏమవుతుందో నిజాయితీగా రాయాలి. అప్పటికే తాళి కట్టడం అయిపోయింది. మిత్రుడికి నిజం తెలిస్తే అతని ఇంట్లో ఆ ఇల్లాలి గతి ఏమిటి? మధుర వీధుల్లో ఆమె తలెత్తుకుని తిరగగలదా? స్నేహం నిలుస్తుందా? చెప్పినందువల్ల కథ సుఖాంతం కాదు. మరో రకం విషాదం అవుతుంది. అంటే విశ్వనాథ ఒక్క విషాదం రాస్తే సరిపోయింది, ఆట రాసేవాడు నాలుగైదు రాయాలి. ప్రతిదీ మొదటిదాని పక్కన నిలబడగలగాలి. పని ఎంతో, దానికి తగ్గ చేయి దొరకడం ఎంత కష్టమో చెప్పనక్కర లేదు.

యజమాని కాదు, నౌకరు

ఈ గండాన్ని తెలివిగా దాటినవారు ఇంగ్లండులో ఉన్నారు. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1872లో రాసిన ‘ఎనభై రోజుల్లో భూప్రదక్షిణ’ చాలామందికి తెలిసిన కథే. ఫాగ్ అనే దొర పందెం కాసి లోకం చుట్టి వస్తాడు. బొంబాయి నుంచి కలకత్తా పోతుంటే నడుమ రైలు పట్టా ఇంకా వేయకపోవడంతో, ఏనుగును కొని దాని మీద పోతాడు. 2014లో ఇంకిల్ అనే చిన్న సంస్థ దీన్ని ‘80 డేస్’ అనే ఆటగా తెచ్చింది. ప్రధాన రచయిత్రి మేఘనా జయంత్.

ఆమె ఆడేవాడి చేతికి దొరను ఇవ్వలేదు, దొర వెంట పోయే నౌకరు పాస్‌పార్టూను ఇచ్చింది. పందెం కాయడం, మానడం మన చేతుల్లో లేదు. అది దొరగారి ఇష్టం. ఏ బండి ఎక్కాలి, పెట్టెలో ఏం సర్దాలి, చేతి ఖర్చు ఎట్లా సరిపెట్టాలి, దారిలో ఎవరితో మాట కలపాలి అన్నది మాత్రం మనదే. నూట నలభైకి పైగా నగరాలు, ఐదు లక్షలకు పైగా మాటలు. ఎనభై రోజులు దాటిపోయినా ఆట ఆగదు, పందెం ఓడిన కథగా సాగుతుంది. నౌకరు కంటితో చూసేసరికి, వెర్న్ పట్టించుకోని కూలివాళ్లు, ఆడవాళ్లు, తెల్లదొరల ఏలుబడిలోని జనం ముందుకు వచ్చారు. ఆ ఏడాది ఆటల్లో దీన్ని అమెరికాలోని టైమ్ పత్రిక మొదటి స్థానంలో పెట్టింది.

ఈ లెక్కన ‘ఏకవీర’ను ఆడేవాడికి కుట్టాన్ వేషం గాని వీరభూపతి వేషం గాని కట్టకూడదని నాకు తోస్తుంది. రెండు ఇళ్లకూ తిరిగే ఒక దాసిని కల్పించి, ఆ వేషం కట్టాలి. రెండు ఇళ్ల గుట్టూ తెలిసినది ఆమెకే. నోరు విప్పే హక్కు లేనిదీ ఆమెకే. ఇక ‘చెప్పు, చెప్పకు’ అన్న ప్రశ్న ఎంత బరువెక్కుతుందో చూడండి.

జోడేఘాట్ దగ్గర మాత్రం

కల్పిత కథ సంగతి ఇది. జరిగిన కథ అయితే చిక్కు ఇంకొక తీరుది. కొమురం భీము జీవితాన్ని సాహు, అల్లం రాజయ్య 1983లో నవల చేశారు. అల్లాణి శ్రీధర్ తీసిన సినిమా 1990 నాటికే సిద్ధమైనా జనం ముందుకు వచ్చేసరికి 2010 అయింది. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ మాత్రం ఇది కల్పన అని ముందే చెప్పుకుని, భీమును అల్లూరితో కలిపి, చివర గెలిపించింది. జనం ఈలలు వేశారు. తప్పు పట్టలేం.

కానీ ప్రతి ఏటా ఆశ్వయుజ పున్నమికి కెరమెరి మండలం జోడేఘాట్‌లో చేరే గోండులు, కోలాములు తలచుకునేది గెలిచిన భీమును కాదు. 1940లో ఆ గుట్టల్లో నైజాం పోలీసుల తుపాకులకు ఒరిగిన భీమును. ఆటలో ఒక ‘చెప్పు’తో, ఒక గురిచూసిన దెబ్బతో ఆయనను బతికించే వీలు పెడితే, పిలగాళ్లు బతికించిన భీమునే నిజమనుకుంటారు. ఆట కదా అంటే కుదరదు. పుస్తకం తెరవని పిలగాడికి అదే పుస్తకం. ఇక్కడ ముగింపు తలుపు మూసే ఉంచాలి. అంతకు ముందు ఉన్న రోజులన్నీ తెరవవచ్చు. పన్నెండు ఊళ్లను ఎట్లా కూడగట్టాలి, చేను కొట్టి జంగ్లాత్ వాళ్లకు ఎదురు నిలవాలా, హైదరాబాద్ పోయి మొర పెట్టుకోవాలా అన్న నిర్ణయాలు ఆడేవాడి మీద పెట్టవచ్చు. ఆ కథ చెప్పేవాడిగా కిక్రీ వాయించే పర్ధాన్‌ను కూచోబెడితే ఇంకా బాగుంటుంది. గోండుల గాథలను తరతరాలుగా మోసింది వాళ్లే.

హక్కుల సంగతి

ఎవరైనా కాలేజీ పిల్లలు పూనుకుంటే ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. మన చట్టం ప్రకారం రచయిత పోయిన ఏడాది తర్వాత అరవై ఏళ్లు గడిచేదాకా పుస్తకం మీద హక్కు వారసులదే. విశ్వనాథ 1976లో పోయారు. కాబట్టి 2036 చివరిదాకా ‘ఏకవీర’ను ముట్టుకోవాలంటే వారి అనుమతి కావాలి. భీము నవలకూ అనుమతి తప్పదు. ‘ప్రజల మనిషి’ రాసిన వట్టికోట ఆళ్వారుస్వామి పోయింది 1961లో. దాని గడువు 2021తో తీరిపోయింది. ఎవరైనా తీసుకోవచ్చు.

పెట్టుబడి భయం కూడా అంత లేదు. బొమ్మలు లేకుండా మాటలతోనే నడిచే ఆటలు తయారు చేయడానికి ట్వైన్ అనే పనిముట్టు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ‘80 డేస్’ వారు తమ ఆట రాసుకున్న ఇంక్ అనే పద్ధతిని కూడా 2016లో అందరికీ ఉచితంగా వదిలారు. ట్వైన్‌లో తెలుగులోనే రాసుకోవచ్చు. తయారైన ఆట మామూలు సెల్‌ఫోన్‌లో వెబ్ పేజీ లాగా తెరుచుకుంటుంది.

‘ప్రజల మనిషి’ నిజామాబాద్ వైపు పల్లెల కథ. అందులోని దొర, వెట్టి మన తాతలు చూసినవే. దాన్ని ఎత్తుకునేవాళ్లు, ఆడేవాడి చేతికి కథానాయకుడు కంఠీరవాన్ని ఇవ్వాలా, లేక గడీలో వెట్టి చేసే మనిషిని ఇవ్వాలా అన్నది ముందు కూచుని తేల్చుకోవలసి ఉంటుంది.