కంప్యూటరు ఎందుకు మొరాయించింది?

ఆకుమడిలో వరినారు ఏపుగా పెరిగింది. దాన్ని పీకి, కట్టలు కట్టి, పొలం గట్టు మీద పడేస్తే ఊడుపు అయిపోయినట్టేనా? కాదు కదా! పొలం దున్ని ఉండాలి, మడిలో నీరు నిలవాలి, ప్రతి మొక్కా తన చోట వేరు తన్నుకోవాలి. వీటిలో ఏది లోపించినా నారు బతకదు. అప్పుడు నారును తిట్టి ప్రయోజనం లేదు.

కంప్యూటరులో కొత్త సాఫ్ట్‌వేరు ఇన్‌స్టాల్ చేయడమూ ఇంచుమించు ఇలాంటిదే. మనం తెచ్చుకున్న ఫైలు నారుకట్ట మాత్రమే. దాని మీద రెండుసార్లు నొక్కగానే అది తన మూట విప్పుకుంటుంది. లోపలి వందలాది ఫైళ్లను వేరువేరు చోట్ల సర్దుతుంది. తనకు కావలసిన ఇతర భాగాలు ఈ యంత్రంలో ఉన్నాయో లేవో చూసుకుంటుంది. తన పేరూ, ఉండే చోటూ కంప్యూటరు చిట్టాలో రాయిస్తుంది. కొన్ని ఫైళ్లయితే మరీ చిన్నవి. అవి ముందుగా ఇంటర్‌నెట్‌లోకి వెళ్లి, అసలు సరుకును అప్పటికప్పుడు తెచ్చుకుంటాయి. ఈ మెట్లలో ఎక్కడ కాలు జారినా మనకు కనిపించేది దాదాపు ఒకే మాట: ‘ఇన్‌స్టాలేషన్ విఫలమైంది’.

ఎక్కడ జారిందో కనిపెట్టడం ఎలా? ఒక సంఘటన ఊహించుకుని మనమే వెతుకుదాం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగాయి. వేలాది కరెంటు స్తంభాలు పడిపోయాయి. ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి.

ఆ ఊళ్లలో ఒకదానిలో మీరు తొమ్మిదో తరగతి చదువుతున్నారనుకోండి. మీ తరగతి పిల్లలంతా ఇంటింటికీ తిరిగి కూలిన చెట్లను లెక్కపెట్టారు. కరెంటు వచ్చాక ఆ లెక్కలన్నీ బడి కంప్యూటరులో ఎక్కించారు. రాసుకున్న కాగితాలు అప్పటికే తడిసి చిరిగిపోయాయి. ఇక సైన్సు ప్రదర్శనకు తెలుగులో నివేదిక తయారుచేయాలి. అందుకోసం ఒక ఉచిత సాఫ్ట్‌వేరును ఇంకోచోట దింపి, పెన్‌డ్రైవులో తెచ్చారు. ఫైలు మీద నొక్కారు. విఫలమైంది! మళ్లీ నొక్కారు. మళ్లీ విఫలమైంది!

ఇంతలో ఒకరు సలహా చెబుతారు: “ఫార్మాట్ కొట్టేద్దాం!” మన ఊళ్లలో కంప్యూటరుకు ఏ జబ్బు చేసినా ముందు వినిపించే మందు ఇదే. తలనొప్పికి తల తీసేయడం లాంటి వైద్యం అనాలి. ఫార్మాట్ చేస్తే డిస్కు తుడిచిపెట్టుకు పోతుంది. చెట్ల లెక్కలూ పోతాయి. కాబట్టి మొట్టమొదట చేయవలసింది, ఆ లెక్కల ఫైలును మరో పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోవడం. ఆ తర్వాతే వెతుకులాట.

మొదటి అనుమానం నారుకట్ట మీదే. తెచ్చిన ఫైలు సరిగా ఉందా? “సైజు చూశాం, సమానంగానే ఉంది” అంటారు మీరు. కాని సైజును నమ్మడానికి లేదు. ఫైలును నకలు చేసేటప్పుడు కంప్యూటరు చాలాసార్లు ముందుగానే మొత్తం చోటును కేటాయించి, ఆ తర్వాత అందులో సమాచారం నింపుతుంది. సగంలో పెన్‌డ్రైవు లాగేశారంటే సైజు నిండుగానే కనిపించవచ్చు, లోపల మాత్రం ఖాళీ!

దీన్ని పట్టుకోవడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. 4, 7, 2 అనే మూడు అంకెలను స్నేహితుడికి పంపారనుకోండి. వాటితోపాటు వాటి మొత్తం 13 కూడా పంపితే, దారిలో ఏ ఒక్క అంకె మారినా మొత్తం కలవక దొరికిపోతుంది. మరి 7, 4, 2 అని రెండంకెలు తారుమారైతే? మొత్తం 13గానే ఉంటుంది, తప్పు దొరకదు. అందుచేత మొదటి అంకెను 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 3తో గుణించి కలపండి. 4, 7, 2కు 24 వస్తుంది. 7, 4, 2కు 21 వస్తుంది. దొంగ దొరికాడు! కంప్యూటర్లు ఇదే ఆలోచనను ఎంతో క్లిష్టమైన గణితంతో అమలు చేస్తాయి. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతి ఎంత పెద్ద ఫైలునైనా 64 అక్షరాల ముద్రగా మారుస్తుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ ముద్ర పూర్తిగా మారిపోతుంది. సాఫ్ట్‌వేరు ఇచ్చేవారు చాలామంది ఈ ముద్రను ఫైలు పక్కనే ప్రకటిస్తారు. మీ ఫైలు ముద్రతో పోల్చి చూడడమే తరువాయి.

పోల్చారు, కలవలేదు. ఫైలును మళ్లీ తెచ్చారు, ఈసారి పెన్‌డ్రైవును తొందరపడి లాగలేదు. ముద్ర కలిసింది. నొక్కారు. పట్టీ కొంచెం ముందుకు జరిగి ఆగిపోయింది. అయితే ఇప్పుడు మాట మారింది: ‘సురక్షితమైన సంబంధం ఏర్పడలేదు’. చూశారా! మొదటి లోపం పోయింది, దాని వెనక ఇంకొకటి బయటపడింది. అందుకే తెరమీద వచ్చే మాటను చదవకుండా మూసేయకూడదు. దాన్ని ఉన్నదున్నట్టు నోటుబుక్కులో రాసుకోవాలి.

తుపాను రోజులు గనుక అనుమానం ఇంటర్‌నెట్ మీదికి పోతుంది. ఇక్కడ కరెంటు లైన్‌మన్ల పద్ధతి మనకు పనికొస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు విజయనగరం జిల్లా కూడా దెబ్బతింది. అలాంటప్పుడు లైన్‌మన్లు ప్రతి స్తంభమూ ఎక్కి చూడరు. లైను మధ్యలో ఉన్న స్విచ్చి తెరిచి, సబ్‌స్టేషను వైపు ఉన్న భాగానికి మాత్రం కరెంటు ఇస్తారు. అది నిలిచిందంటే లోపం అవతలి భాగంలో ఉందన్నమాట. మనమూ అలాగే చేద్దాం. బడి కంప్యూటరుకు ఇంటర్‌నెట్ అందుతున్నది వైరు తగిలించిన మాస్టారి సెల్‌ఫోను ద్వారా. ఆ ఫోనులోనే అదే వెబ్‌సైటు తెరిచి చూడండి. చక్కగా తెరుచుకుంది! అంటే ఇంటర్‌నెట్ బాగానే ఉంది, లోపం ఫోనుకు ఇవతల, కంప్యూటరు వైపే ఉంది.

ఇక కంప్యూటరు తెరను పైనుంచి కిందికి జాగ్రత్తగా చూడండి. కుడివైపు అడుగు మూల ఏముంది? తేదీ. ఏమని ఉంది? 2009 జనవరి 1!

తేదీకీ ఇన్‌స్టాలేషన్‌కూ ఏమిటి సంబంధం? మీ బస్ పాసును తలచుకోండి. దాని మీద ఎప్పటినుంచి ఎప్పటివరకు చెల్లుతుందో ఉంటుంది. కండక్టరు దగ్గరున్న క్యాలెండరు 2009 నాటిదైతే, 2018లో ఇచ్చిన మీ పాసును చూసి, “ఇది ఇంకా మొదలే కాలేదు, దిగు” అంటాడు. పాసు నిజమైనదే, కండక్టరూ తన పని తాను చేశాడు, తప్పంతా క్యాలెండరుది. ఇంటర్‌నెట్‌లో సాఫ్ట్‌వేరును అందించే సర్వరుకూ ఇలాంటి గుర్తింపు పత్రమే ఉంటుంది. మోసగాళ్ల సర్వర్లను దూరంగా ఉంచడానికి కంప్యూటరు ప్రతిసారీ ఆ పత్రం తేదీలను సరిచూస్తుంది.

మరి గడియారం 2009కి ఎలా వెళ్లింది? కంప్యూటరు ఆగి ఉన్నప్పుడు కూడా లోపల ఒక బుల్లి గడియారం నడుస్తూనే ఉంటుంది. దాని గుండె ఒక స్ఫటికపు ముక్క. మన కొండల మీద తెల్లగా మెరిసే పలుగురాళ్లు మీరు చూసే ఉంటారు. ఇదీ ఆ జాతి పదార్థమే, కాకపోతే దీన్ని కర్మాగారంలో పెంచుతారు. ఇది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ వింత సంఖ్య ఎందుకు? దాన్ని సగం చేసుకుంటూ పొండి. సరిగ్గా పదిహేనోసారి 1 వస్తుంది. అదే ఒక సెకను!

ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, కంప్యూటరు ఆపి ఉన్నా సరే, ఈ గడియారం ఆ కరెంటుతోనే నడుస్తుంది. కరెంటు లేనప్పుడు దాన్ని ఆదుకునేది రూపాయి బిళ్లలా ఉండే 3 వోల్టుల లిథియం బ్యాటరీ. దాని మీద సీఆర్ 2032 అని ఉంటుంది. 20 అంటే వ్యాసం 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. మీ బడిలో ఆ బ్యాటరీ ఎప్పుడో నీరసించింది. రోజూ కరెంటు ఉండడంతో సంగతి బయటపడలేదు. తుపానుతో రోజుల తరబడి కరెంటు పోయేసరికి గడియారం ఆగిపోయింది. కంప్యూటరు మళ్లీ లేచినప్పుడు, తయారీదారులు దానిలో రాసి ఉంచిన తొలి తేదీనే పట్టుకుంది. అక్టోబరులో కూలిన స్తంభానికీ, ఇప్పుడు ఆగిన ఇన్‌స్టాలేషన్‌కూ లంకె కుదిరింది!

తేదీ సరిచేసి మళ్లీ నొక్కండి. పట్టీ చివరిదాకా పోతుంది. పోకపోతే డిస్కులో చోటు చాలిందా, ఇన్‌స్టాల్ చేసే అధికారం ఆ ఖాతాకు ఉందా, 32 బిట్ల యంత్రం మీద 64 బిట్ల సాఫ్ట్‌వేరు పెడుతున్నారా అని ఒక్కొక్కటే చూడండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. విసుగొచ్చి వైరస్‌ల కాపలాను మాత్రం ఆపేయకండి.

బ్యాటరీ మార్చే పని మాస్టారి చేత, ప్లగ్గు తీసేసిన తర్వాతే చేయించండి. పాత బిళ్లను ఎక్కడ పడితే అక్కడ పారేయవద్దు. పసిపిల్లలు దాన్ని మింగితే రెండు గంటల్లోనే గొంతులో కాలిన గాయమవుతుంది.

ఇంకొక్క పరీక్ష మిగిలింది. జబ్బు బ్యాటరీదేనని మనం అనుకున్నాం, అది నిజమేనా? కొత్త బ్యాటరీ వేసి, తేదీ సరిచేసి, సాయంత్రం బడి వదిలాక ప్లగ్గు తీసేసి ఇంటికి వెళ్లండి. మర్నాడు ఉదయం ప్లగ్గు పెట్టి, కంప్యూటరు వేసి, ఆ కుడివైపు మూల ఏ తేదీ ఉందో చూడండి.