చీనీ పూత రాలుతోందా? మందుకు ముందు నీళ్లు చూసుకోండి

రైతన్నా, చీనీ చెట్టు కింద తెల్లగా పూత పరుచుకుంటే గుబులు పుడుతుంది. వెంటనే మందుల అంగడికి పోతాం. కాస్త ఆగండి. వంద పూలలో ఒకటో రెండో కాయలుగా నిలిచినా మంచి కాపే. అన్నీ నిలిస్తే చెట్టు మోయలేదు.

ఏ పిందె నిలవాలో చెట్టు ఎట్లా తేల్చుకుంటుంది? మన సాత్‌గుడి గింజ ఉన్న రకం. తన పుప్పొడితోనే కాస్తుంది, పక్కన వేరే రకం పెట్టనక్కర లేదు. పుప్పొడి పడి గింజ కట్టడం మొదలవగానే పిందెలో జిబ్బరెల్లిన్ అనే హార్మోను పెరుగుతుంది. పిందెకు అదే ఊపిరి. అబ్సిసిక్ ఆమ్లం, ఇథిలీన్ ఎక్కువైతే తొడిమ దగ్గర పట్టు వదిలి పిందె రాలుతుంది. జపాను సట్సుమా నారింజకు పుప్పొడి లేకపోయినా జిబ్బరెల్లిన్ తానే ఊరుతుంది. స్పెయిన్‌లో క్లెమెంటైన్ నారింజకు ఆ శక్తి తక్కువ. అందుకే రేకులు రాలే వేళ జిబ్బరెల్లిక్ ఆమ్లం కొడతారు. మనకు తేనెటీగలు చాలు. పూత విచ్చి ఉండగా పురుగుమందు జోలికి పోకండి.

మన దగ్గర అసలు తగాదా నీళ్లది. నార్పల, గార్లదిన్నె, పుట్లూరు ఎక్కడైనా ఇదే కథ. బోరు ఎండి పది పదిహేను దినాలు తడి ఉండదు. తర్వాత ట్యాంకరు తోలించి ఒక్కసారిగా పాదు నింపుతాం. అక్కడే దెబ్బ. దప్పికతో ఉన్న వేర్లలో ఇథిలీన్‌కు కావలసిన సరుకు పోగవుతుంది. నీళ్లు తగలగానే అది పైకెక్కి ఇథిలీన్‌గా మారుతుంది. క్లియోపాత్రా నారింజ మొక్కల్లో ఆకులు ఇట్లానే రాలడాన్ని 1992లో స్పెయిన్ శాస్త్రవేత్తలు చూపించారు. నీళ్లు పెట్టినాకనే రాలిందని మనవాళ్లు మొత్తుకునేది అబద్ధం కాదన్నమాట.

కాబట్టి ఎండిన తోటకు మొదట సగం తడే ఇవ్వండి, మూడు నాలుగు దినాలకు మిగతా సగం. పిందె గోలీకాయంత అయ్యేదాకా పాదు ఆరనివ్వకండి. వేరుశనగ పొట్టు ఉంటే పాదులో పరచండి.

హార్మోను మందు తడి ఉన్న తోటలోనే పనిచేస్తుంది. పిందె బఠానీ గింజంత ఉన్నప్పుడు 4.5 శాతం ప్లానోఫిక్స్, నాలుగున్నర లీటర్ల నీటికి 1 మి.లీ. చొప్పున. అంటే 15 లీటర్ల ట్యాంకుకు 3 మి.లీ. పైచిలుకు, అంతే. మూతతో ఉజ్జాయింపుగా పోయొద్దు. ఇదే మందు మోతాదు బాగా పెంచి, పిందెలు రాలగొట్టి పలచన చేయడానికి వాడే దేశాలున్నాయి. కొందరు 2,4-డి కొడతారు. అది అసలు కలుపు మందు. గాలి వాటానికి పక్క చేలో వేరుశనగ మీద పడితే ఆ రైతుకు ఏమని జవాబు చెబుతారు?

ఇంకో మాట. ఆకు లేకుండా గుత్తులుగా వచ్చిన పూత చాలామటుకు రాలిపోయేదే. కొత్త ఆకులతో కలిసి వచ్చిన పూలనే లెక్కపెట్టుకోండి.