చుక్కలు పోతే జబ్బు పోయినట్టేనా?

మీ అక్వేరియంలో చేప ఒంటిమీద ఉప్పు రవ్వల్లాంటి తెల్లచుక్కలు లేచాయా? అది గులకరాళ్లకు ఒళ్లు రాసుకుంటోందా? అయితే అది తెల్లచుక్కల వ్యాధి కావచ్చు. దీనికి కారణం ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ పరాన్నజీవి.

ఇది చేప చర్మం కింద దాగి పెరుగుతుంది. అక్కడున్నంతసేపూ నీళ్లలో కలిపిన మందు దీన్నేమీ చేయలేదు. పెరిగాక చేపను వదిలి తొట్టి అడుగుకు చేరి, గూడు కట్టుకుని, వందలాది పిల్లజీవులుగా విడిపోతుంది. అవి చేపను వెదుకుతూ ఈదుతాయి. మందుకు చిక్కేది అప్పుడే!

కనుక చుక్కలు మాయం కాగానే మందు ఆపకండి. సీసామీద రాసిన మోతాదులో, చెప్పినన్ని రోజులూ వేయండి. వెచ్చని నీళ్లలో బతికే చేపలైతే ఉష్ణోగ్రతను మెల్లగా 28 డిగ్రీల సెల్సియస్‌కు పెంచండి. పరాన్నజీవి త్వరగా బయటపడుతుంది. వెచ్చని నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి గాలిపంపు ఆగకూడదు సుమా!