గీత పడితేనేం... గొంతు బాగుంటే చాలు!

రాఫెల్స్ ప్లేస్ అంటే సింగపూర్‌లో మనవాళ్లందరికీ తెలిసిన చోటే. బ్యాంకులు, అద్దాల మేడలు, టై కట్టుకుని పరుగులు తీసే ఉద్యోగులు... ఆ మేడలు లేపిన చేతుల్లో మన తెలుగు చేతులూ ఉన్నాయి. అక్కడి నుంచి ఎంఆర్‌టీలో ఒక్క స్టాప్ వెళితే సిటీ హాల్. దిగి కాస్త నడిస్తే పెనిన్సులా షాపింగ్ సెంటర్. గిటార్ షాపులకు ఏళ్ల తరబడి పేరున్న భవనం అది. బర్మా సోదరులు ఆదివారాల్లో కలుసుకునే పెనిన్సులా ప్లాజా కూడా ఆ పక్కనే.

రాఫెల్స్ ప్లేస్ సైట్‌లో మాతో రాడ్ బెండింగ్ పని చేసే శ్రీకాకుళం కుర్రాడొకడు ఉన్నాడు. ఊళ్లో చర్చిలో గిటార్ నేర్చుకున్నాడు. ఏజెంటు అప్పు తీరాక నెలనెలా కొంత దాచాడు. అక్కడి ఓ షాపులో చేత్తో చేసిన గిటార్ ఒకటి వాడి కంటపడింది. అసలు ధర 1,200 డాలర్లు. చిన్నచిన్న మచ్చలున్నాయని 780కే ఇస్తామన్నారు. రూంలో అందరూ నవ్వారు. ‘దెబ్బతిన్న సరుక్కి అంత డబ్బా? దాంతో ఇంటికి ఫ్రిజ్ పంపొచ్చు కదరా!’ అన్నారు. వాడు నా దగ్గరకొచ్చి, ‘అన్నా, సైట్లో డిఫెక్టులు పట్టేది నువ్వే కదా. ఓపాలి వచ్చి సూడు’ అన్నాడు.

నాకు గిటార్ వాయించడం రాదు. కానీ ఏ లోపాన్ని వదిలేయొచ్చు, ఏ లోపాన్ని వదలకూడదు అన్నది మన పనిలో రోజూ ఉండే లెక్కే!

తోలు మీదా... ఎముకలోనా?

గోడ ప్లాస్టరింగ్‌లో వెంట్రుకంత చీలిక వస్తే పుట్టీ పెట్టి రంగేస్తాం. అదే చీలిక కాలమ్‌లో కనిపిస్తే పని ఆపి ఇంజనీర్‌ను పిలుస్తాం. సింగపూర్‌లో 1989లో కాంక్వాస్ పద్ధతి మొదలుపెట్టినప్పుడే స్ట్రక్చర్‌కు వేరే, ఫినిషింగ్‌కు వేరే మార్కులు పెట్టారు. గిటార్‌కూ ఇదే సూత్రం.

దాని పైపలక మందం మూడు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. ఆరు స్టీలు తీగలూ కలిసి దాన్ని సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ బరువు మోసేది మెడ, బ్రిడ్జి, పలక లోపల అతికించిన బద్దలు. ఇవి గిటార్‌కు ఎముకలు. పాలిష్, అంచు పట్టీ, కలప రంగు... ఇవన్నీ తోలు.

మావాడు చూసిన గిటార్‌కు పక్కన వార్నిష్ కారిన చార ఒకటి, వెనక కలపలో నల్లటి గీత ఒకటి, అంచు పట్టీ ఒకచోట కాస్త లావు. మూడూ తోలు మీదివే! చేతిపనిలో ఇవి మామూలు. మన బొబ్బిలి వీణ సంగతి చూడండి. గొల్లపల్లి కళాకారులు ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. ఒక చెట్టు చారలు ఇంకో చెట్టుకు ఉండవు, అందుకే ఒక వీణ ఇంకోదానిలా ఉండదు. అంతమాత్రాన వీణ పలకడం మానేస్తుందా?

ఇలా పరీక్షించండి

* గిటార్‌ను కంటికి ఎదురుగా పెట్టి మెడ వెంబడి చూడండి. గోడకు దారం పట్టి చూసినట్టే. మెలి తిరిగి ఉంటే వద్దు.
* బ్రిడ్జి కింద పల్చటి కాగితం దూరుతోందంటే అది లేస్తోందన్నమాట. వదిలేయండి.
* టైల్స్‌ను తట్టి డొల్ల పట్టుకుంటాం కదా! పలకనూ అలాగే వేలితో మెల్లగా తట్టండి. లోపల గరగరమంటే బద్ద ఊడింది.
* పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను ఊరికే తాకి మీటండి. తర్వాత నొక్కి మీటండి. రెండు స్వరాలూ ఒకటే కావాలి.
* ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి వాయించండి. ఎక్కడా జుయ్యిమనకూడదు.
* పైపలకలో చీలిక ఉంటే ఎంత తగ్గించినా కొనొద్దు.

బిల్లు మీద రాయించండి

సింగపూర్‌లో 2012 సెప్టెంబర్ 1 నుంచి ‘లెమన్ లా’ అమల్లో ఉంది. కొన్న ఆరు నెలల్లోపు లోపం బయటపడితే, అది అమ్మేనాటికే ఉందని చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది షాపువాళ్లే. రిపేరు చేయమనో, మార్చమనో అడగొచ్చు. అయితే ముందే చూపించి అమ్మిన లోపానికి ఇది వర్తించదు. అందుకే ‘స్వల్ప లోపాలున్నాయి’ అని ఊరికే రాయనివ్వకండి. చార ఎక్కడ, గీత ఎక్కడ అని విడివిడిగా రాయించండి. అప్పుడు రేపు మెడ వంగితే, ‘ముందే చెప్పాం కదా’ అనే మాటకు తావుండదు. మావాడి బిల్లు మీద మూడు లోపాలూ మూడు లైన్లలో ఉన్నాయి!

కొన్నాక కూడా జాగ్రత్త కావాలి. గిటార్‌కు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే మంచిది. ఇక్కడేమో సగటున 80 శాతం పైనే. వాయించనప్పుడు పెట్టెలో పెట్టి, సిలికా జెల్ వేసి మూయండి. ఏసీ గాలి సూటిగా తగలనివ్వకండి. ఇండియా తీసుకెళ్లేవాళ్లకు ఇంకో మాట. 2017లో రోజ్‌వుడ్ జాతుల కలప మీద అంతర్జాతీయ ఆంక్షలు గట్టిగా వచ్చాయి. 2019 నవంబర్‌లో తయారైన వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఆ సడలింపు లేదు. ఏ కలపో కూడా బిల్లులో రాయించుకుంటే మంచిది.

ఇంటికి పంపాల్సింది పంపాక, అప్పు తీరాక, మిగిలిన నాలుగు డాలర్లతో మనకంటూ ఒకటి కొనుక్కోవడం తప్పేమీ కాదు. పన్నెండు గంటలు ఇనుము వంచిన వేళ్లకూ ఒక పాట కావాలి కదా! కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి... మచ్చ తోలు మీదా, ఎముకలోనా? తోలు మీదైతే ధర తగ్గినట్టు. ఎముకలోనైతే ఎంత తగ్గించినా దండగే.