మన వెనక వచ్చేవారి కోసం

కొన్నేళ్ల క్రితం మా సంఘ యౌవనస్థులను రిట్రీట్‌కని నల్లమల అంచున ఒక చోటికి తీసుకెళ్లాం. చెట్ల నీడన పాటలు పాడి, సృష్టికర్తను స్తుతించి, భోంచేసి బస్సెక్కాం. ఎవరో బ్యాగు మర్చిపోయారంటే సగం దారి నుంచి వెనక్కి వెళ్లాం. అక్కడ ఫారెస్ట్ వాచర్ ఒకాయన ఒంటరిగా, మేం వదిలేసిన ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు గోనెసంచిలోకి ఏరుతున్నాడు. మమ్మల్ని చూసి కోప్పడలేదు. ‘జింకలు తింటే చచ్చిపోతాయి సార్’ అన్నాడంతే. ఆ ఉదయం మేం చేసిన ప్రసంగం 104వ కీర్తన మీద! ప్రసంగించింది మేము, పాటించింది అతను. తలదించుకుని వచ్చేశాం.

అట్లాంటాలో ఉద్యోగం చేస్తున్న మా సంఘ బిడ్డ ఒకతను ఈమధ్య సెలవుకొచ్చి చెప్పిన సంగతి ఆ సిగ్గును మళ్లీ కదిపింది. అతను నెలకో శనివారం అడవిలో కాలిబాట బాగుచేసే బృందంతో వెళ్తాడట. అపలాచియన్ కాలిబాట అని దాని పేరు. జార్జియాలోని స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై, 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు సాగి మెయిన్ రాష్ట్రంలో ముగుస్తుంది. 1921లో బెంటన్ మెకై అనే ఆయన ప్రతిపాదించగా 1937లో పూర్తయింది. నేటికీ దాని పోషణ భారం ఎక్కువగా మోసేది జీతం లేని స్వచ్ఛంద సేవకులే. ప్రభుత్వ అడవుల్లో దారుల కోసం, వన్యప్రాణుల కోసం ఇలా పనిచేసేవారిని చేర్చుకోవడానికి అమెరికా 1972లో ఒక చట్టమే చేసింది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపానుకు చెట్లు కూలి ఆ బాట మూసుకుపోతే, రంపాలు పట్టుకుని ముందుకొచ్చినవారిలో వీరూ ఉన్నారు.

‘అక్కడ నీ పనేమిటి?’ అని అడిగాం. ‘బాటకు అడ్డంగా, కాస్త ఏటవాలుగా దుంగో రాళ్లో పాతుతాం అయ్యగారూ. వాన నీరు పక్కకు మళ్లుతుంది. లేకపోతే బాట కోసుకుపోతుంది. ఆ మట్టంతా కింది వాగులో చేరి చేపలు గుడ్లు పెట్టే చోటును పూడ్చేస్తుంది’ అన్నాడు. ‘మరి ఆ బాటన నడిచేదెవరు?’ అంటే, ‘తెలియదండీ, మేం వెళ్లిపోయాక వస్తారు’ అని నవ్వాడు.

ఆత్మల రక్షణ పని ఉండగా చెట్లూ జింకలూ మనకెందుకు అనే విశ్వాసులున్నారు. అయితే ఏదెను తోటలో దేవుడు ఆదాముకు అప్పగించిన మొదటి పని ఏమిటి? తోటను సేద్యపరచడం, కాయడం (ఆది 2:15). మొదటి మాటకు హెబ్రీలో ‘ఆబద్’. దేవుణ్ణి సేవించడానికీ అదే మాట. రెండోది ‘షామర్’. దేవుడు మనల్ని కాపాడాలని అహరోను పలికే ఆశీర్వాదంలో ఉన్నది అదే (సంఖ్యా 6:24). తమ్ముడికి నేను కావలివాడినా అని కయీను ఎదురుప్రశ్న వేసినప్పుడు తోసిపుచ్చిందీ దాన్నే (ఆది 4:9). దేవుడు మనల్ని కాచినట్టే మనం తోటను కాయాలి, తమ్ముణ్ణీ కాయాలి. గూటిలోని తల్లిపక్షిని సైతం విడిచిపెట్టమని ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది (ద్వితీ 22:6,7). క్రీస్తు సిలువ రక్తంతో దేవుడు ‘సమస్తాన్ని’ సమాధానపరచుకున్నాడని పౌలు రాశాడు (కొలొస్సి 1:20). ఆ సమస్తంలో జింక లేదా?

మనం నడిచే విశ్వాసపు బాట కూడా ముక్కూ మొహం తెలియనివారెవరో వేసిందే. ఇతరులు పడిన ప్రయాస ఫలంలోకే మీరు ప్రవేశించారని ప్రభువు శిష్యులతో అన్నాడు (యోహాను 4:38). మరి మన వెనక వచ్చేవారికి మనం మిగిల్చేది బాటా, చెత్తా?

పోయిన ఏడాది అటవీ అధికారుల అనుమతి తీసుకుని, గోనెసంచులతో అదే చోటికి మళ్లీ వెళ్లాం. మా చెత్తే కాదు, మాకు ముందు వచ్చినవారి చెత్త కూడా ఏరాం. క్షమాపణ చెబుదామని ఆ వాచర్ కోసం వాకబు చేశాం. ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడన్నారు. ఆ మాట చెప్పుకునే అవకాశం మాకిక దొరకలేదు. అతను వదిలి వెళ్లిన పని మాత్రం అక్కడే ఉంది. దాన్ని అందుకోవడానికి ప్రతి సంఘానికీ ఇంకా అవకాశముంది.