దారి చూపే బాణానికి దారేది?

కరెంటు స్తంభానికి తీగతో కట్టిన రెండడుగుల రేకు. పసుపు రంగు మీద ఎర్ర బాణం, కింద వెంచర్ పేరు, ఓ సెల్ నంబరు. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ నుంచి హైదరాబాద్ శివార్ల దాకా ప్లాట్ల వ్యాపారానికి ఇంతకంటే చవకైన ప్రచారం లేదు. హోర్డింగ్ పెట్టాలంటే అనుమతి కావాలి, అద్దె కట్టాలి. బాణం బోర్డుకు ఓ నిచ్చెన, ఓ రాత్రి చాలు.

రాయ్‌పూర్‌లోని దేవేంద్ర నగర్ అక్కడి అభివృద్ధి ప్రాధికార సంస్థ పద్ధతిగా వేసిన కాలనీ. ఇలాంటి కాలనీలో ఇల్లెక్కడ, దుకాణమెక్కడ అన్నది ప్లానే తేల్చేస్తుంది. ఇంటి ముందు స్తంభానికి వేలాడే రేకు మాత్రం ఏ ప్లానుకూ చిక్కదు. 2000 నవంబర్ 1న రాష్ట్రం ఏర్పడ్డాక నగరం పక్కనే కొత్త రాజధాని వెలిసింది. రాజధాని వచ్చిన ఏ ఊళ్లోనైనా భూముల బేరం శివార్లకు పాకుతుంది, దాని వెంటే బాణాలూ బయల్దేరతాయి.

చట్టాలకు కొరతేమీ లేదు. ఉమ్మడి మధ్యప్రదేశ్ 1994లోనే ఆస్తుల వికృతీకరణ నిరోధక చట్టం చేసింది. విభజన తర్వాత అది ఛత్తీస్‌గఢ్‌కూ సంక్రమించింది. అందులో జరిమానా గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. లక్షల్లో ధర పలికే ప్లాటు ముందు ఇదో లెక్కా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా బహిరంగ ప్రదేశాలను వికారం చేసే ప్రకటనలపై 1997లో ఇలాంటి చట్టమే తెచ్చింది.

అసలు ప్రమాదం అందవికారం కాదు, అయోమయం. ట్రాఫిక్ గుర్తును కప్పేసే, లేదా దాన్ని పోలి ఉండి వాహనదారును తికమకపెట్టే ప్రకటనను తొలగించే అధికారాన్ని ఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారికి రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వవచ్చని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 116వ సెక్షన్ చెబుతోంది. కూడళ్ల దగ్గర ప్రకటనలు వద్దని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1972లోనే మార్గదర్శకాలు రాసింది. కానీ బాణం బోర్డుకు కూడలే ప్రాణం. మలుపు దగ్గర కనిపించకపోతే దానికి విలువే లేదు.

మరి అమలెందుకు జరగదు? స్తంభం విద్యుత్ సంస్థది, వీధి నగరపాలక సంస్థది, ట్రాఫిక్ పోలీసులది. అందరిదీ అయిన బోర్డు చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది. దీనికి తోడు 101వ రాజ్యాంగ సవరణతో జీఎస్‌టీ వచ్చినప్పుడు రాష్ట్రాల జాబితాలోంచి ప్రకటనల పన్ను ఎగిరిపోయింది. పురపాలికలకు మిగిలింది ఫీజులు, అద్దెలే. ఆదాయం తెచ్చే పెద్ద హోర్డింగ్ మీదున్న శ్రద్ధ రేకు ముక్క మీద ఎందుకుంటుంది? హైదరాబాద్‌లో 15 అడుగుల ఎత్తు దాటిన ప్రకటనలను నిషేధిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2020లో ఇచ్చిన జీవో 68 గురి కూడా పెద్దవాటి మీదే. 2024 మేలో ముంబై ఘాట్కోపర్‌లో హోర్డింగ్ కూలి 17 మంది చనిపోయాక అందరి చూపూ మళ్లీ అటే తిరిగింది.

చిన్న బోర్డు ఎవరి మీదా కూలకపోవచ్చు. కానీ జీవితకాలపు పొదుపును కూల్చగలదు. బాణం పట్టుకుని వెళ్లిన కుటుంబం అనుమతిలేని లేఅవుట్‌లో బయానా కట్టి వస్తే ఆ రేకు ఏం జవాబు చెబుతుంది? ఇక్కడే 2016 నాటి రెరా చట్టం అక్కరకొస్తుంది. ఏ రూపంలోని ప్రచారమైనా ఆ చట్టం దృష్టిలో ప్రకటనే. రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రాజెక్టును అది లేకుండా ప్రచారం చేయకూడదు. చేసిన ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా స్పష్టంగా ఉండాలి. తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారు పరిహారం కోరవచ్చు. ప్రాజెక్టు నుంచి తప్పుకుంటే వడ్డీతో సహా సొమ్ము వెనక్కి రాబట్టుకోవచ్చు.

అలాగని బాణాలన్నింటినీ పీకేయడమూ పరిష్కారం కాదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో గిల్బర్ట్ అనే పట్టణం తాత్కాలిక దారి బోర్డులను ఆరు చదరపు అడుగులకు పరిమితం చేసింది. కార్యక్రమానికి 12 గంటల ముందు పెట్టి, ముగిసిన గంటలోగా తీసేయాలంది. రాజకీయ బోర్డులకు మాత్రం అంతకంటే ఎక్కువ వెసులుబాటు ఇచ్చింది. రాతను బట్టి రూలు మార్చడం చెల్లదని 2015లో ఆ దేశ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. సైజు, స్థలం వంటివాటిపై అందరికీ ఒకేలా వర్తించే నిబంధనలకు మాత్రం అడ్డు చెప్పలేదు.

మన నగరాలకూ పనికొచ్చే పాఠమిది. కూడలికి ఇంత దూరం, ఇంత కొలత, ఇన్ని రోజులు అని ఒకే రూలు పెట్టి, రెరా నంబరు లేని ప్లాట్ల బోర్డును అక్కడికక్కడే దించేస్తే సగం సమస్య తీరుతుంది. అప్పటిదాకా కొనుగోలుదారు చేయగలిగింది ఒకటుంది. బాణం చూపిన వైపు బండి తిప్పే ముందు దాని కింద సెల్ నంబరు కాక ఇంకో నంబరు ఉందో లేదో చూసుకోవాలి.