గొట్టములో చిక్కిన గుండు

1863వ సంవత్సరము జూలై నెల మొదటి మూడు దినములును అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున గెటిస్‌బర్గ్ పట్టణ పరిసరములందు ఘోరసంగ్రామము జరిగెను. అది ముగిసిన పిమ్మట, రణభూమిపై చెల్లాచెదరుగా పడియున్న తుపాకులను ఏరించి ఆయుధాగారమునకు చేర్చి పరీక్షింపగా, మొత్తము 27,574 తుపాకులలో సుమారు 24,000 కాల్చబడక మందుగుండుతో నిండియే యున్నట్లు నాటి నివేదికలు తెలుపుచున్నవి. వానిలో రమారమి సగమునందు ఒకదానిపై నొకటిగా రెండేసి దట్టింపులును, నాల్గవవంతునందు మూడు మొదలు పది వరకును ఉండెనట. ఒక్కదానియందైతే 23 దట్టింపులు అడుగునుండి పైకి పేరుకొనియుండెనట. కొన్నిటిలో గుండు క్రిందను మందు పైనను ఉండెను; మరికొన్నిటిలో మందు పొట్లమును చింపకయే కాగితముతో సహా లోనికి త్రోసియుండిరి.

ఇది చదివినవారు ఆ సైనికులు మూఢులని తలంచిన తలంతురు గాక, నాకు మాత్రము దోషము మనుష్యునియందుకంటె ఆయుధమునందే యెక్కువగా కన్పించుచున్నది. వేలకొలది తుపాకులు ఒక్కమారు మ్రోగుచుండ, పొగ కన్నులను క్రమ్ముచుండ, భుజమున కానించిన తన తుపాకి పేలినదో, మందు నంటించుటకు పైన తొడిగిన రాగి క్యాపు మాత్రము చిటపటలాడి ఊరకున్నదో సైనికునకు తెలియు మార్గము లేదు. కవాతులో నెలల తరబడి అలవడిన చేతులు, మనస్సుతో పనిలేకయే, మరియొక పొట్లము చింపి లోన పోసి కూరుచునే యుండును. ఆ తుపాకి లోపల ఏమున్నదో, ఎంతయున్నదో పైకి తెలుపు గుర్తేదియు దానికి లేదు. ఆ లెక్కయంతయు కాల్చువాని జ్ఞాపకమునందే యుండవలెను. జ్ఞాపకము తప్పినచోట గుండు చిక్కును.

మూతినుండి మందు దట్టించు తుపాకి యనగా వెనుకవైపు మరతో గట్టిగా మూయబడిన ఇనుపగొట్టము తప్ప వేరొకటి కాదు. మొదట కొలిచిన మందు, దానిపై సీసపు గుండు, ఆ గుండును మందుపై గట్టిగా ఆనునట్లు దించుటకు గజము, అనగా గొట్టము పొడవున కొంచెము మించిన సన్నని కడ్డి. వెనుకభాగమున చిన్న రంధ్ర మొకటి యుండును. చెకుముకి తుపాకులలో రంజకపు నిప్పు ఆ రంధ్రముననే లోనికి ప్రాకును. 1807లో స్కాట్లండు మతాచార్యుడు అలెగ్జాండర్ ఫార్సైత్ పేటెంటు పొందిన నూతన పద్ధతినుండి క్రమముగా పరిణమించిన తుపాకులలో, ఇనుపముక్కుపై తొడిగిన రాగి క్యాపు సుత్తిదెబ్బకు పేలి ఆ పని చేయును. గెటిస్‌బర్గులో విరివిగా వాడబడిన 1861వ సంవత్సరపు స్ప్రింగ్‌ఫీల్డు తుపాకి గొట్టము 40 అంగుళముల పొడవు, లోరంధ్రము 0.58 అంగుళము, దానికి మందు 60 గ్రెయినులు, అనగా నాలుగు గ్రాములకు కొంచెము తక్కువ, గుండు బరువు సుమారు 32 గ్రాములు. లోనికి పోవుటకును వెలికి వచ్చుటకును ఉన్న దారి యొక్కటియే యగుటచేత, గుండు నడుమ నిలిచినచో వెనుకకు లాగుటకు గాని ముందుకు త్రోయుటకు గాని తేలికయైన ఉపాయము లేదు.

గుండు ఎందుచేత నిలుచును? ప్రధానకారణము మసి. సురేకారము 75 పాళ్లు, బొగ్గు 15, గంధకము 10 కలిపి నూరిన పాతకాలపు తుపాకిమందు కాలినప్పుడు, దాని బరువులో సగమునకు పైగా వాయువుగా మారక ఘనపదార్థముగా మిగిలిపోవును. ఆ మసి గాలిలోని తేమను పీల్చి, పిదప ఎండి, గొట్టము లోగోడలపై పెచ్చుగట్టును. మెలితిరిగిన గాళ్లు గల రైఫిలులో గుండు బిగువుగా దిగిననే గాని గురి కుదరదు; బిగువుగా దిగవలెనన్న మసి యడ్డము వచ్చును. బ్రిటిషువారు 1800 ప్రాంతమున బేకర్ రైఫిలును సైన్యమున ప్రవేశపెట్టినప్పుడు, గుండును మూతిలోనికి కొట్టుటకు సైనికులకు చిన్న కొయ్యసుత్తులు గూడ ఇచ్చిరనిన, ఈ బాధ యెంతటిదో ఊహింపవచ్చును. పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మను తుపాకిపనివాండ్ర పద్ధతి ఇంతకంటె సుకుమారమైనది: గొట్టముకంటె కొంచెము చిన్నదగు గుండును కొవ్వు రాచిన గుడ్డపీలికలో చుట్టి దించుదురు, గాళ్లను పట్టునది గుడ్డయే గాని సీసము కాదు.

కొవ్వు ప్రసక్తి వచ్చినది గావున మన దేశచరిత్రలోని యొక ఘట్టమును స్మరింపక తప్పదు. 1857లో సిపాయిల యాగ్రహమునకు నిమిత్తమైన ఎన్‌ఫీల్డు తూటాలకు కొవ్వు పూసినది విలాసమునకు గాదు. గొట్టములోని మసిని మెత్తపరచి గుండు సుఖముగా దిగుటకే. ఆ కొవ్వు ఆవుదనియు పందిదనియు వ్యాపించిన వార్త యెట్టి జ్వాలలు రేపెనో అందరెరిగినదే.

గుండు సగములో నిలిచినప్పుడు అల్పబుద్ధికి తోచు మొదటి యుపాయము కాల్చివేయుట. దానికంటె ప్రమాదకరమైనది లేదు. మందునకును గుండునకును నడుమ ఖాళీ యున్నచో, పుట్టిన వాయువుల యొత్తిడి గుండు నిలిచినచోట ఒక్క పెట్టున దెబ్బతీసినట్లు తగిలి గొట్టము ఉబ్బవచ్చును, లేదా చీలవచ్చును. చీలునది కాల్చువాని యెడమచేతికి దగ్గరగానే. ఈ కారణముచేత తెలిసినవారు గజముపై రెండు గుర్తులు గీసికొందురు: గొట్టము ఖాళీగా నున్నప్పుడు మూతివద్దకు వచ్చు గుర్తొకటి, మందును గుండును సరిగా దిగినప్పుడు వచ్చు గుర్తు మరియొకటి. పాతతుపాకి యేది చేతికి వచ్చినను, అది గోడకు వేలాడిన అలంకారవస్తువైనను సరే, ముందుగా గజము దించి వెలుపలి కొలతతో పోల్చి చూడవలెను. తాతల నాటినుండి మూల నిలిచిన తుపాకి లోపల నాటి మందు నేటికిని పొడిగానే నిద్రించుచుండవచ్చును.

ఇక విధానములకు వత్తము. అన్నిటికంటె సాధారణమైన పొరపాటు మందు వేయుట మరచి గుండు మాత్రము దించుట. ఇండియానా రాష్ట్రమున ఫ్రెండ్‌షిప్ అను చిన్న గ్రామమున, 1933లో స్థాపితమైన అమెరికను మూతితుపాకుల సంఘమువారి పోటీలందు, ఎంత చేయితిరిగినవారికైనను మాటల సందడిలో ఇది తప్పదు. దీనికి తేలికయైన నివారణ కలదు. క్యాపు తొడిగెడు ముక్కును మర విప్పి తీసి, ఆ సందున సన్నని మందు చిటికెడు చొప్పున లోనికి రాల్చి, ముక్కు మరల బిగించి, గుండును గజముతో ఆ మందుపై గట్టిగా ఆనునట్లు మరల దించి, గజమును వెలికి తీసి, సురక్షితమైన మట్టిదిబ్బవైపు కాల్చుటయే. చెకుముకి తుపాకిలో రంజకపు రంధ్రముననే ఆ పని చేయవచ్చును. గుండు మందునకు దూరముగా నిలిచినచో ఈ ప్రయత్నమునకు పూనుకొనరాదని ముందే చెప్పియుంటిని.

లోన మందు నిజముగా నున్నదో లేదో సంశయమైనను, గుండు నడుమ పాతుకొనినను, లాగుటయే శరణ్యము. అందులకు వాడెడు సాధనము చిన్న ఉక్కుమర. కొయ్యలోనికి దిగు మరమేకువంటి మొన, దాని మొదట గొట్టము లోపలికి సరిపడు ఇత్తడిపట్టీ. మొనను గుండు నడిబొడ్డున నిలుపుట ఆ పట్టీ చేయు పని. లేకున్న మొన ప్రక్కకు జారి గాళ్లను గీరివేయును. నాటి అమెరికను సైన్యమున మసి తుడుచు సాధనము మనిషికొకటి యీయగా, ఈ గుండుమరను పదిమందికొకటిగా ఇచ్చుచుండిరి. పది చేతులు మారు సాధనము కావలసిన వేళకు కావలసినచోట దొరకెనా యని నాకు సందేహము.

ముందుగా మందును చంపవలెను, అనగా తడుపవలెను. సురేకారము నీట కరగును గావున, తడిసిన మందు చెడును. మూతినుండి పోసిన నీరు బిగుసుకొన్న గుడ్డను దాటి పోకపోవచ్చును; అందుచేత ముక్కు తీసిన సందునుండియు పోసి కొంతసేపు నాననీయవలెను. క్యాపు తీసివేయుట, సుత్తిని దించియుంచుట, చెకుముకిరాతిని ఊడదీయుట దీనికి పూర్వాంగములు. పిదప గజముకొన మరను బిగించి, గొట్టములో దించి, గుండుపై ఒత్తి త్రిప్పుదురు. సీసము మెత్తనిది గనుక మొన దానిలో దిగునప్పుడు మొదట కిరకిరమని తెలియును, పిమ్మట త్రిప్పుట బరువగును, అప్పుడు లాగవలెను. బావిలో పడిన చేదను పాతాళగరిగెతో తీయువాని యోర్పు ఇచ్చటను కావలెను, ఏలయనగా మొన సగము దిగి లాగినచో సీసపు చెక్కులు మాత్రమే పైకి వచ్చును, గుండు మునుపటికంటె బిగియును.

గజమును గూర్చి యొక మాట. కొయ్యగజము పోగువెంట ఏటవాలుగా విరిగినచో ఆ పదునైన కొన అరచేతిలో దూసుకొనిపోవును. ఈ గాయము తుపాకిదెబ్బకు తక్కువేమియు కాదు. గుండు లాగుటకు ఉక్కుగజమే వాడవలెను. దాని కొనపట్టీని జిగురుతో గాక అడ్డముగా చీల వేసి బిగించియుండవలెను, లేకున్న పట్టీ, మర, గుండు మూడును లోననే మిగులును. గజము పిడికిట బిగించుకొని శరీరమును మూతికి ఎదురుగా నిలుపుట మరియొక దుస్సాహసము. మందు తడిసినదని నమ్మకము కుదిరినను గొట్టము నిండియే యున్నదనుకొని వ్యవహరింపవలెను.

ఈ కాలమున ఇంతకంటె శాంతమైన మార్గములును వచ్చినవి. కార్బన్ డైఆక్సైడు నింపిన చిటికెనవ్రేలంత చిన్న సీసాను ముక్కునకు గాని రంధ్రమునకు గాని ఆనించి వాయువును వదలినచో, గుండు మందుతో సహా మూతినుండి వెలికి దూకును. దూకునపుడు దానికి వేగమును ఉండును గనుక మూతి యెటున్నదో చూచుకొనవలెను. మోటారు వాహనములకు గ్రీజు పట్టించు పిచికారీతో కొందరు ఇంకను నిదానముగా పని చక్కబెట్టుదురు. ముక్కు స్థానమున గ్రీజు మూతి బిగించి పిచికారీ కొట్టుచుండ, గ్రీజు నిండి నిండి గుండును అంగుళ మంగుళముగా త్రోసికొని వచ్చును. తుడుచుట కొంత పెద్దపనియే యైనను ప్రమాదము మిక్కిలి తక్కువ. నావంటి పిరికివారికి ఇదియే నచ్చును. ఇవేవియు సాగనినాడు వెనుకమరను విప్పించుటకు తుపాకిపనివాని యొద్దకు పోవలెను. ఆ పని యింటి పట్టకారుతో చేయదగినది కాదు. గొట్టమును నిప్పుపై వేడిచేయుట, గుండును తొలిచివేయ జూచుట ఏ కాలమునందును ప్రాణాంతకములే.

మన మన్యప్రాంతములలో భర్మారులనియు నాటుతుపాకులనియు వ్యవహరించునవి ఈ కుటుంబమునకు చెందినవే. 1959 నాటి ఆయుధచట్టము పంటల రక్షణకై మూతితుపాకికి లైసెన్సు నిచ్చు వెసులుబాటు కల్పించినది. లైసెన్సు గల కాపు గుండు చిక్కించుకొన్నచో పైన చెప్పిన జాగ్రత్తలన్నియు అతనికిని వర్తించును. లైసెన్సు లేనివాటి గొట్టములు ఏ యినుముతో చేసినవో చెప్పనలవి గాదు గనుక అవి చిక్కకమునుపే చీలుట కూడ కద్దు.

1985లో టోనీ నైట్ అను అమెరికను పనివాడు రూపొందించిన నూతన తరహా తుపాకిలో వెనుకమరను విప్పి తీయవచ్చును. గుండు చిక్కినచో మర తీసి మందును రాల్చి, గజముతో గుండును ఇటునుండి అటు త్రోసివేయవచ్చును. దీనితో ఈ వ్యాసమున చెప్పిన పాట్లలో చాలవరకు తీరినట్లే. ప్రాతపద్ధతివారు దీనిని మూతితుపాకియని అంగీకరింపరు. ఆ తగవు వేటకాండ్రలో నేటికిని తెగలేదు. తీరని బాధ యొకటి మిగిలెను. ప్రతి వేట తరువాతను ఆ వెనుకమర చుట్లకు గ్రీజు రాయుట మరచినచో, కాలిన మందు మసి అచ్చటను పెచ్చుగట్టి, గుండు చిక్కునట్లే ఆ మరయే చిక్కును. దానిని కదల్చుటకు నూనె పోసి దినముల కొలది నాననిచ్చువారికి నేడు అమెరికాలో కొరవ లేదు.